గ్రహం లేని నీలిరాయి

రత్నపరీక్షశాలలో ఉద్యోగం అంటే పొద్దస్తమానం వజ్రాల మధ్య బతుకు అనుకుంటారు. మా ఇంట్లోవాళ్ళు కూడా చాలాకాలం అలాగే అనుకుని, జీతం చూశాక మానేశారు. నిజానికి నా ఉద్యోగమంతా ఒకే వాక్యాన్ని రకరకాల మర్యాదలతో చెప్పడంలో గడిచిపోయింది: "మీరు అనుకుంటున్న రాయి ఇది కాదండీ." కెంపు అని తెచ్చినవాళ్ళకు గాజు అని చెప్పాను. పచ్చ అని తెచ్చినవాళ్ళకు రంగు పట్టించిన స్ఫటికం అని చెప్పాను. కొందరు ఏడ్చారు. కొందరు నా చదువు గురించి ఆరా తీశారు. ఒకాయన మంచినీళ్ళు తాగి, "ఇంకోసారి నిదానంగా చెప్పండి, ఈసారి వేరేలా రావచ్చు" అన్నాడు.

ఈమధ్యే రిటైరయ్యాను. ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీరు చూసినవాటిలో అన్నిటికన్నా పెద్ద రాయి ఏది సార్ అని అడుగుతుంటారు. పెద్దవేవీ నాకు గుర్తులేవు. గుర్తున్నది కందిగింజకన్నా కాస్త పెద్దది. దాని సంగతే మీకు చెప్పాలని కూర్చున్నాను.

నేను పుట్టింది ఈ మరాఠీ మహానగరంలో తెలుగు కూలీలు వలసవచ్చి స్థిరపడ్డ కామాటిపురాలో, ఫాక్‌లాండ్ రోడ్డు వైపు తెరుచుకునే ఒక గల్లీలో, గదికో కుటుంబం ఉండే పాత చాళీ రెండో అంతస్తులో. మా ముత్తాతలు ఈ ఊరి గోడలకు రాళ్ళు మోశారు. మా నాన్న తాపీ పట్టాడు. నేను భూగర్భశాస్త్రంలో డిగ్రీ చదివి, రాళ్ళు మోయడం మాని వాటిని భూతద్దంలోంచి చూడడం మొదలుపెట్టాను. వంశానికి ఇది అభివృద్ధి అని మా అమ్మ గట్టి నమ్మకం. బరువు తగ్గిన మాట మాత్రం నిజం.

తర్వాత లోకల్ రైలెక్కి వెళ్ళేంత దూరాన ఎక్కడో ఇల్లు చూసుకుని వెళ్ళిపోయాను. అయినా చాళీ నన్ను వదల్లేదు. అక్కడ ఎవరు ఏ ఉంగరం కొన్నా నాకు చూపించాకే వేలికి పెట్టుకునేవారు. రిటైర్మెంటుకు కొన్ని నెలల ముందు ఆ చాళీని కూల్చి కొత్తది కట్టడానికి అందరినీ తాత్కాలికపు గదుల్లోకి పంపడం మొదలైంది. సామాన్లు సర్దుతుంటే ఏళ్ళ తరబడి కనపడనివన్నీ బయటపడతాయి కదా. మా పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో, ఒక ఉంగరం బయటపడింది. దాంతోపాటు పాత తగాదా కూడా.

పక్క ఖోలీ అత్త నాకు బంధువు కాదు. చాళీ మొత్తానికీ అత్తే. ఆమె భర్త మామ, ఒకప్పుడు సరుకుల ఓడల్లో వంటవాడు. తర్వాత మా గల్లీలోని ఒక ఖానావళిలో, అంటే భోజనహోటల్లో, జీవితాంతం వండాడు. ఆయన పప్పు తిని పెరిగిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇద్దరూ ఒకనాడు టాక్సీ మాట్లాడుకుని నేరుగా మా ఆఫీసుకు వచ్చేశారు. అత్త పట్టుచీర కట్టుకుంది. మామ వెనక నిదానంగా కుంటుతూ వచ్చాడు. అత్త కొంగుముడి విప్పి ఉంగరం బల్లమీద పెట్టింది. చుట్టూ బంగారు తీగ, మధ్యలో మంచి నీలిరంగు రాయి.

"చూడురా అల్లుడా. నీలమని కాయిదం రాసియ్యి, బస్. శనారం పొద్దుగాల తీస్కపోయి సముద్రంల ఏసొస్త."

"సముద్రం కాయిదం అడగదు గదత్తా."

"అది అడగదు. ఈన అడుగుతడు."

"అడుగుత మరి," అన్నాడు మామ. "నేను తెచ్చింది అస్లీ మాల్. ఏం పడేస్తున్నదో ఆమెకు ఎరుకుండాలె."

"నీలం గాదని తేలితే?"

మామ నన్ను కొంచెం జాలిగా చూశాడు. "గాకుంటెనా? దేశాలు తిరిగి పెండ్లానికి డూప్లికేట్ తెచ్చిండని చాళీ అంత నవ్వాలెనా? అప్పుడు ఆమెకన్న ముందుగాల నేనే పడేస్త."

పరిస్థితి అర్థమైంది కదా. నీలం అంటే అత్త సముద్రంలో వేస్తుంది. కాదంటే మామ వేస్తాడు. మా పరీక్షశాల రిపోర్టు మీద అంతకుముందు ఎవరూ ఇంత ఏకాభిప్రాయంతో ఆధారపడలేదు.

కథ నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మామ అమెరికా పడమటి తీరంలో ఓడ దిగినప్పుడు ఒక పాత సామాన్ల దుకాణంలో ఈ ఉంగరం కొన్నాడు. నీలం అని అమ్మినవాడే చెప్పాడు. తెచ్చి ఇచ్చాడు. మా చాళీలో నీలం అంటే శని రాయి. పడితే అందలం ఎక్కిస్తుంది, పడకపోతే పాతాళం చూపిస్తుంది. అందుకే ఎవరైనా మూడు రోజులు పెట్టుకుని చూస్తారు. ఆ మూడు రోజుల్లో ఏ చెడూ జరగకపోతే ఉంచుకుంటారు, జరిగితే దుకాణానికి తిరిగి ఇచ్చేస్తారు. అత్త పెట్టుకున్న రెండోనాడు, ఉంగరం ఇచ్చి పనిమీద వెళ్ళిన మామ తిరిగి వస్తూ, అది ఆమె వేలికి ఉండగా ఒక్కసారైనా కళ్ళారా చూడకముందే, మెట్లమీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. అత్త అక్కడికక్కడే ఉంగరం తీసేసింది. తిరిగి ఇద్దామంటే దుకాణం మహాసముద్రానికి అవతల ఉంది. బట్టలో చుట్టి ఇనప్పెట్టె అడుగున పడేసింది. మామ ఓడ ఆయన లేకుండానే వెళ్ళిపోయింది.

ఆయన జారిన మలుపు మెట్టు మీద నేనూ జారాను. మా అన్న జారాడు. అద్దె వసూలుకు వచ్చిన గుమాస్తా రెండుసార్లు జారాడు. మాలో ఎవరి దగ్గరా నీలం లేదు. కానీ ఆ వయసులో నన్నెవరూ శాస్త్రీయాభిప్రాయం అడగలేదు.

"ఇన్నేండ్లు ఉంచుకున్నదాన్ని ఇప్పుడెందుకు పడేసుడత్తా?" అని అడిగాను.

అత్త మామ వైపు చూడకుండా, గొంతు తగ్గించి చెప్పింది. "అప్పుడు కాలుతోని పోయిందిరా. ఇప్పుడీనకు వయసైంది. కొత్త జాగలకు తీస్కపోతె మనిషినే అడుగుతదేమో."

తెలిసినవాళ్ళ రాయిని మొదట వేరేవాళ్ళు చూడాలని మా దగ్గర నియమం. ఏ రాయినైనా రెండో జత కళ్ళు చూశాకే రిపోర్టు బయటికి వెళ్ళాలి, అది ఇంకో నియమం. అందుకని అత్త ఉంగరం మొదట నా పక్క బల్ల అమ్మాయికి వెళ్ళింది. మరాఠీ పిల్ల, పనిలో మంచి చురుకు. మా ఇద్దరిలో ఎవరు ముందు రిటైరవ్వాలో చూడగానే తెలిసిపోయేది. రాయిలోకి వెళ్ళిన వెలుగు ఎంత వంగుతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద పెట్టింది. నీలానికి రావలసినంతే, ఇంచుమించు ఒకటీ పాయింటు డెబ్బై ఆరు. రంగు నీలం. ఉంగరంలో బిగించి ఉంది కాబట్టి నీళ్ళలో తూచి సాంద్రత చూడడం కుదరదు. 'సహజ నీలం' అని కార్డు టైపు చేసి, ప్రింటు తీసి, నా ముందు పెట్టి టీకి వెళ్ళింది.

సంతకం పెట్టేముందు అలవాటుగా లూప్ తీశాను. లూప్ అంటే కంటికి ఆనించుకునే చిన్న భూతద్దం. పైముఖం గుండా చూస్తే, అడుగున ఉన్న కోతల అంచులు ఒక్కొక్కటీ రెండేసి గీతలుగా కనిపించాయి. రాత్రి సరిగా నిద్రపోలేదేమో అనుకుని కళ్ళజోడు తుడుచుకున్నాను. మళ్ళీ రెండే. నీలంలో వెలుగు చీలుతుంది కానీ అంత కొంచెం చీలిక ఇలా కంటికి కనపడదు. రాయిని తిప్పాను. ఒక దిక్కు నుంచి ముదురు నీలి, ఇంకో దిక్కు నుంచి దాదాపు నీళ్ళరంగు. ఆపైన, కదిపినప్పుడల్లా వజ్రంలాగా ఎరుపూ ఆకుపచ్చా చిమ్ముతోంది. నీలం ఇంత ఉత్సాహమున్న రాయి కాదు. అది గంభీరమైన మనిషి.

అమ్మాయిని పిలిచి కొలత మళ్ళీ తీయమన్నాను. మొదటి గీత అక్కడే ఉంది. రెండో గీత కోసం వెతికితే, కొలతబద్ద చివర, మేము వాడే ద్రవం ఇక చదవలేని హద్దుకు ఆనుకుని దాక్కుని ఉంది. మొదటిది నీలం లెక్కకు సరిపోయింది కదా అని ఆమె అంత దూరం వెళ్ళలేదు. మరాఠీలో తనని తాను తిట్టుకుంది. తర్వాత నవ్వినందుకు నన్ను తిట్టింది. పిల్లలూ, ఇది మాత్రం రాసుకోండి: సరిపోయిన జవాబు దగ్గర ఆగిపోవడంకన్నా హాయైన తప్పు ఇంకోటి లేదు.

ఉంగరాన్ని చీకటి పెట్టెలో పెట్టి, పొట్టి తరంగాల అల్ట్రావయొలెట్ దీపం వేశాం. నీలమైతే మామూలుగా నల్లగా కూర్చుంటుంది. ఇది భగ్గుమంది. తెలుపు కలిసిన నీలిమంట. పెట్టెలో ఎవరో చిన్న ట్యూబులైటు వెలిగించినట్టు.

ఇద్దరం పుస్తకం తీసి ఒకే పేజీ వెతకడం మొదలుపెట్టాం. ఆ పేజీ ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. పరీక్షకు చదివిందే. ఎదురుగా చూస్తామని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. బెనిటోయిట్.

మా పరీక్షశాల పెద్దాయన గుజరాతీ. కుర్చీలోంచి లేవకుండా ప్రపంచాన్నంతా పరీక్షించగల మనిషి. ఆయన లేచి నిలబడి ఒక రాయిని చూడడం నేను ఆ రోజే చూశాను. కాసేపు చూసి, ఇంకో యంత్రంతో కూడా ఖాయం చేయించి, "ఇది ఎవరిది?" అని అడిగాడు.

"మా చాళీలో ఒకావిడది. శనివారం సముద్రంలో వేస్తానంటోంది."

ఆయన టీ ఒక గుక్క తాగి, "ఏ వైపు వేస్తుందో కనుక్కో," అన్నాడు.

పరీక్షకోసం కాదు, ఎందుకు లేచి నిలబడ్డాడో మీకు తెలియడంకోసం చెబుతున్నాను. బెనిటోయిట్ అంటే బేరియం, టైటానియం, సిలికా కలిసి కట్టిన స్ఫటికం. ఈ మూడూ భూమిలో ఒకేచోట, సరైన వేడిలో కలుసుకోవడమే అరుదు. పాము చర్మంలా నున్నగా ఉండే పచ్చటి సర్పెంటైన్ రాతి పొరల మధ్య పగుళ్ళలోకి వేడినీళ్ళు ఊరినచోట, తెల్లటి ఇంకో ఖనిజం కింద కప్పుకుని పెరుగుతుంది. ఆ తెల్లదాన్ని ఆమ్లంతో కరిగిస్తే లోపల నీలి ముక్కోణాలు బయటపడతాయి. పక్కనే నల్లగా మెరిసే ఇంకో టైటానియం రాయి తోడుంటుంది. జపాన్‌లోనూ ఇంకా కొన్నిచోట్లా రవ్వలుగా దొరికింది కానీ, ఉంగరంలో పొదిగేంత మంచిది దొరికింది కాలిఫోర్నియాలో ఒకే ఒక్క కొండ చరియలో. ఆ గని కూడా ఇప్పుడు అయిపోయినట్టే. మొదట దొరికినప్పుడు వాళ్ళూ నీలమే అనుకున్నారు. మా అమ్మాయి ఆ మాట చదివాక కొంచెం తేరుకుంది.

దాని ముక్కోణపు ఆకారం గురించి ఒక ముచ్చట. స్ఫటికాలు ఎన్ని రకాల సౌష్ఠవాలతో ఉండవచ్చో లెక్కలవాళ్ళు ముందే తేల్చిపెట్టారు. వాటిలో ఒక రకానికి మాత్రం ప్రకృతిలో ఉదాహరణ దొరకలేదు. కుర్చీ వేసి ఉంచారు, మనిషి రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఈ రాయి వచ్చి కూర్చుంది.

శనివారం పొద్దున్నే చాళీకి వెళ్ళాను. ఉంగరం, కొత్త కార్డు, ఆఫీసు అల్ట్రావయొలెట్ చేతిదీపం సంచిలో ఉన్నాయి. గ్యాలరీ నిండా మంచాలూ మూటలూ. అత్త అప్పటికే తలస్నానం చేసి, కొబ్బరికాయతో సహా తయారుగా ఉంది. కింద టాక్సీ ఆగి ఉంది. మామ గోడకానుకుని కూర్చుని, తీర్పు వినే మనిషిలా ఉన్నాడు.

"ఏమొచ్చిందిరా?" అన్నాడు.

"నీలం గాదు మామా."

మామ మొహం వాడిపోయింది. అత్త మొహం కూడా వాడింది, అది నేను ఊహించలేదు.

"గాజా?" అన్నాడు మెల్లగా.

"గాజు గూడ గాదు. నీలంకన్న వెయ్యిపాళ్ళు అరుదు. మా పెద్దసారు నిలబడి చూసిండు. ఆయన ఎవరికోసం నిలబడడు."

"మరి వాడు నీలమని ఎందుకమ్మిండు?"

"వానికి తెల్వదు."

మామ ఈ విషయాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మెల్లగా నిటారుగా కూర్చున్నాడు. "అంటె వాడే మోసపోయిండు."

"అట్లనే అనుకో."

"చూసినవా?" అన్నాడు అత్తతో. అంతకుముందు ఆయన గొంతు అంత గర్వంగా ఎప్పుడూ వినలేదు.

అత్త లొంగలేదు. "పేరేదైతేంది? నీలిగున్నదా లేదా? శని దాంట్ల ఉన్నడా లేడా?"

చూపిస్తే నమ్ముతుందనుకుని తలుపేసి, కిటికీకి దుప్పటి కట్టి, సూటిగా చూడొద్దని ఇద్దరికీ చెప్పి దీపం వేశాను. ఇది తెలివైన పని కాదు. రాయి భగ్గుమనగానే అత్త దేవుళ్ళ పటాల దాకా వెనక్కి జరిగింది.

"అగ్గో! జెప్పిన్నా లేదా! దయ్యమే ఉందిరా దాంట్ల!"

"దయ్యమేంది, వెల్డింగ్ లెక్కుంది," అన్నాడు మామ ముందుకు వంగి. "ఓడల ఇంజన్ రూముల గిట్లనే ఉంటుండె. ఎంత మంచిగున్నదే!"

గబగబా దుప్పటి తీసేసి, నాకు తెలిసిన జ్యోతిషమంతా ఉపయోగించాను. "అత్తా, నవరత్నాలకు గ్రహాలను పంచినప్పుడు ఈ రాయి ఇంకా ఎవ్వరికీ దొరకలె. ఇది దొరికి నూరేండ్లు దాటి ఎక్కువ కాలె. నీలం శనికి, కెంపు సూర్యునికి. దీనికి ఎవ్వరూ లేరు. ఏ పంచాంగం తీసినా దీని పేరుండదు."

అత్త దేవుళ్ళ పటాల దగ్గర్నుంచి ముందుకు జరిగింది. "ఒక్క గ్రహం గూడ లేదా?"

"లేదు."

"అయ్యో పాపం," అంది. దయ్యం పట్టిన రాయి క్షణంలో దిక్కులేని రాయి అయిపోయింది.

"ఇట్లాంటివి దాచుకునేటోళ్ళుంటరు," అని ఉద్యోగధర్మంగా చెప్పాను. "అమ్ముతమంటె ఉరికొస్తరు."

"అమ్మనీకి తెచ్చిన్నా?" అన్నాడు మామ. ఆ సంగతి అక్కడితో అయిపోయింది.

అత్త ఉంగరాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. "శని లేకుంటె మరి ఈన కాలెవరు ఇరగ్గొట్టిన్రు?"

"మలుపు మెట్టు," అన్నాను. ఇన్నేళ్ళకు నా అభిప్రాయం అడిగారు.

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. కానీ ఆమె తల వంచుకుని, రాయితోనే చెబుతున్నట్టు అంది: "దీన్ని తిట్టిన, భయపడ్డ. గానీ లోలోపట ఒక దండం గూడ పెట్టుకున్న. కాలిరిగెబట్టె గదా మనిషి ఇంట్ల ఉన్నడు. లేకుంటె మల్ల ఓడెక్కెటోడు, ఏడికో పొయ్యెటోడు. మెట్టుకు దండం బెట్టాల్సింది, ఉత్తగనే దీనికి పెట్టిన."

మామ గొంతు సవరించుకున్నాడు. "కాలు ఎండకాలం రాకముందే మంచిగైంది."

"ఏంది?"

"ఈ కుంటుడు మొన్నమొన్నటిది, మోకాలిది. ఆ కాలు అప్పుడే మంచిగైంది. కంపెనోళ్ళు మల్ల పిలిచిన్రు గూడ. నేనే పోలె."

"నాకు జెప్పలె?"

"నువ్వడగలె."

బయట ఎవరో గ్యాలరీలో బీరువా ఈడుస్తున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా అత్త ఆగింది.

"ఎందుకు పోలె మరి?"

మామ నా వైపు చూశాడు. నేను కార్డు చాలా శ్రద్ధగా చదువుతున్నాను.

"అది నీ ఏలికి ఉంటె ఒక్కపారి చూసి పోదామనుకున్న," అన్నాడు. "నువ్వు పెట్టుకోలె. నేను పోలె."

అత్త ఏమంటుందో అని ఎదురుచూశాను. ఈ గల్లీలో ఆమె నోటికి ఎదురులేదు. ఉంగరాన్ని మెల్లగా పిడికిట్లోకి తీసుకుని, పిడికిలి వీపు వెనక దాచుకుంది.

"అయితె ఇప్పుడు పెట్టుకుంటె పోతవా?"

"ఇప్పుడు నన్ను ఏ ఓడోడు ఎక్కించుకుంటడే?"

ఆమె వేలు ఈ ఏళ్ళలో ఉంగరాన్ని దాటి లావెక్కింది. ఉంగరం కణుపు దగ్గరే ఆగింది. కంసాలికిస్తే పెద్దది చేస్తాడంది. రాయి తీయకుండా మంటపెడితే పగిలిపోతుంది, ఇది నీలం కాదు, నిప్పుకు ఆగదు, గిన్నెలు తోమేటప్పుడు కూడా పెట్టుకోవద్దు, ఇసుకకు గీతలు పడతాయి అని చెప్పాను. "ఇంత సుకుమారమా," అని మెచ్చుకుని చిటికెన వేలికి తొడుక్కుంది. సరిపోయింది.

కింద టాక్సీవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. అత్త గ్యాలరీలోకి వెళ్ళి, కటకటాల మీంచి వంగి, ఆ చెయ్యి పైకెత్తి ఊపింది.

"నక్కో రే బాబా! సముద్రం కేన్సల్!"

ఎండ పడి ఆ చేతిమీంచి నీలీ ఎరుపూ గోడమీదికి చిమ్మింది. మామ చూశాడు. చూసి, ఎటూ పోలేదు. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, మూటల్లోంచి స్టవ్వు వెతికి తీసి, టీలో చక్కెర ఎంతెయ్యాలని నన్ను అడిగాడు.